వయసు పెరిగాక పెద్ద బరువులు: ఏది తగ్గించాలి, ఏది వదలకూడదు

నలభై ఐదు దాటినవాళ్లకు జిమ్‌లో దొరికే సలహా దాదాపు ఒకటే: బరువు తగ్గించు, రెప్స్ (బరువును ఎన్నిసార్లు లేపుతామన్నది) పెంచు. ఇది తలకిందులు సలహా. వయసు మీదపడేకొద్దీ కండ తగ్గుతుంది, బలం అంతకంటే తొందరగా తగ్గుతుంది, ఆ బలాన్ని చటుక్కున వాడగలిగే చురుకు అన్నిటికంటే ముందు పోతుంది. కాలు జారినప్పుడు నిలదొక్కుకోవడానికి పనికొచ్చేది ఆ చురుకే. తేలిక బరువుతో ఇరవై రెప్స్ చేస్తే అది నిలవదు. కాబట్టి బార్ మీద బరువు ఉండాల్సిందే. తగ్గాల్సినవి వేరే ఉన్నాయి: మొత్తం సెట్లు (ఆగకుండా వరసగా చేసే రెప్స్ విడతలు), మాటిమాటికీ గరిష్ఠ బరువును పరీక్షించే మోజు, పూర్తిగా కోలుకోకుండానే మళ్లీ ఎత్తే తొందర.

కారణం కండరం లోపల ఉంది. కండరంలో నిదానంగా, అలుపు లేకుండా పనిచేసే పోగులు కొన్ని, గట్టిగా, వేగంగా లాగే పోగులు కొన్ని ఉంటాయి. వయసుతో ఎక్కువగా సన్నబడేవి ఈ రెండో రకమే. బరువు పెద్దదైతేనో, కదలిక వేగంగా ఉంటేనో, సెట్ అలసిపోయేదాకా సాగితేనో తప్ప శరీరం వాటిని పనిలోకి పిలవదు. తేలిక బరువును ఇక ఎత్తలేనంతవరకు చేస్తే కండ పెరుగుతుంది, నిజమే. కానీ బలం అంతగా రాదు, ఎముకకు తగినంత ఒత్తిడి అందదు. పైగా నాలుగు సెట్లు ఇరవై చొప్పున చేస్తే భుజం కీలు ఎనభై సార్లు తిరుగుతుంది. మూడు సెట్లు అయిదు చొప్పున చేస్తే పదిహేను సార్లే. కీళ్లు అరిగినవాళ్లకు చాలాసార్లు రెండోదే సుఖంగా ఉంటుంది.

దీనికి ఆధారాలు బలంగా ఉన్నాయి. 1990లో బోస్టన్‌లో సగటున 90 ఏళ్ల వయసున్న, సంరక్షణ కేంద్రంలో ఉంటున్న బలహీనులతో ఎనిమిది వారాలు గట్టి బరువులు చేయించారు. పూర్తిచేసిన తొమ్మిది మందికి తొడ ముందు కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ జరిపిన లిఫ్ట్‌మోర్ పరీక్షలో ఎముక సాంద్రత తగ్గిన 101 మంది మహిళలు పాల్గొన్నారు. అందరూ నెలసరి ఆగిపోయినవాళ్లే. బరువుల బృందం వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకుని నిలబడటం), స్క్వాట్ (బార్ వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (బార్‌ను తల పైకి నెట్టడం) చేసింది. అయిదు సెట్లు, సెట్‌కు అయిదు రెప్స్, బరువు ఒక్కసారి మాత్రమే ఎత్తగల బరువులో 85 శాతానికి పైనే. వాళ్ల నడుము వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. గాయమని చెప్పదగింది ఒక్కరికి చిన్నగా నడుము పట్టేయడం. అయితే ఒక షరతు మరచిపోకూడదు: మొదటి నెలంతా తేలిక బరువులతో కదలికలు నేర్పారు, ప్రతి సెషన్‌లోనూ శిక్షకులు పక్కనే ఉన్నారు. కోపెన్‌హాగన్‌లో పదవీ విరమణ వయసు వాళ్లపై జరిగిన లీసా పరీక్షలో ఒక బృందం ఏడాదిపాటు వారానికి మూడుసార్లు పెద్ద బరువులు ఎత్తింది. మొదలుపెట్టిన నాలుగేళ్లకు కొలిస్తే వాళ్ల కాళ్ల బలం నిలిచే ఉంది, మిగతావాళ్లకు తగ్గింది.

పెద్ద బరువు అంటే ఎంత

ఇరవై అయిదేళ్ల వయసులో ఎత్తిన బరువు లెక్కలోకి రాదు. ఈ నెలలో మీరు ఎంత ఎత్తగలరో అదే లెక్క. ఒక్కసారి మాత్రమే ఎత్తగల బరువును మ్యాక్స్ అందాం. దాన్ని నిజంగా ఎత్తి చూడనక్కర్లేదు, ఎప్లీ సూత్రం చాలు: ఎత్తిన బరువును రెప్స్‌తో గుణించి 30తో భాగించండి, వచ్చినదాన్ని ఎత్తిన బరువుకు కలపండి. 80 కిలోలు కష్టంగా అయిదుసార్లు లేపితే 80కి 13.3 కలుస్తుంది, అంటే మ్యాక్స్ సుమారు 93 కిలోలు. పది రెప్స్ దాటిన సెట్లతో ఈ లెక్క వేయకండి, తప్పు వస్తుంది.

పని సెట్లు, అంటే వార్మప్ అయ్యాక చేసే అసలు సెట్లు, మ్యాక్స్‌లో 75 నుంచి 85 శాతం మధ్య, మూడు నుంచి ఆరు రెప్స్. పై ఉదాహరణలో అయిదు రెప్స్ సెట్‌కు 75 కిలోలు సరిపోతాయి. సెట్ ముగించేటప్పటికి ఇంకా రెండు రెప్స్ మిగిలి ఉండాలి. ఈ రెండు రెప్స్ నియమమే అన్నిటికంటే ముఖ్యం. చాలామంది గాయపడేది బరువు పెద్దదవడం వల్ల కాదు, చివరి రెప్‌ను వంకరటింకరగా ఎలాగోలా లేపడం వల్ల. యాభై దాటాక అలాంటి రెప్ ఒక్కటి రెండు వారాల సాధనను మింగేస్తుంది.

నిజమైన మ్యాక్స్ ఎత్తడం సాధన కాదు, పరీక్ష. పోటీల్లో పాల్గొనేవాళ్లకు అది అవసరం. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్యలో మాస్టర్స్ విభాగం నలభైకి మొదలై డెబ్భై పైబడినవాళ్ల దాకా ఉంది. మిగతావాళ్లు దాన్ని పూర్తిగా వదిలేసినా కోల్పోయేది ఏమీ లేదు.

ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సినవాళ్లు

బీపీ మందులతో కూడా అదుపులో లేనివాళ్లు, ఛాతీనొప్పి లేదా గుండె సమస్య ఉన్నవాళ్లు, పొట్టలోని బృహద్ధమని ఉబ్బిందని తెలిసినవాళ్లు, షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఇదివరకు వెన్నుపూస విరిగినవాళ్లు. వీళ్లలో చాలామందికి డాక్టర్ ‘వద్దు’ అనకపోవచ్చు, ఊపిరి బిగబట్టవద్దనో, ఫలానా కదలిక మానేయమనో చెబుతారు. అడిగేటప్పుడు ‘వ్యాయామం చేయొచ్చా’ అని అడిగితే ‘నడవండి’ అనే జవాబే వస్తుంది. ‘బార్‌బెల్‌తో ఇన్ని కిలోలు, ఇన్ని రెప్స్, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్’ అని విడమరిచి అడగండి.

మందుల సంగతి కూడా ఉంది. బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు గుండె వేగం పెద్దగా పెరగదు కాబట్టి దాన్ని చూసి శ్రమను అంచనా వేయకూడదు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే చిన్న దెబ్బకే కమిలిపోతుంది. అందరూ తెలుసుకోవాల్సింది మరొకటి: సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినోలోన్ యాంటీబయాటిక్స్ కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లను దెబ్బతీయగలవు, తెంపగలవు. మడమ పైనుండే అకిలిస్ టెండన్‌కు ఈ ముప్పు మరీ ఎక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటిపై అత్యంత తీవ్రస్థాయి హెచ్చరిక ముద్రించమంది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కోర్సు ముగిసిన కొన్ని నెలల తర్వాత కూడా టెండన్ తెగిన సందర్భాలున్నాయి. ఇవి రాసిచ్చినప్పుడు మీరు బరువులు ఎత్తుతారని డాక్టర్‌కు చెప్పండి, వేరే మందు కుదురుతుందేమో అడగండి. కుదరకపోతే వాడినన్నాళ్లూ, ఆ తర్వాత కొన్ని వారాలూ గంతులు, పెద్ద బరువులు ఆపి, తేలికగా మళ్లీ మొదలుపెట్టండి.

ఊపిరి

1985లో బాడీబిల్డర్ల ధమనిలోనే గొట్టం పెట్టి కొలిచారు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు వాళ్ల సగటు బీపీ 320/250కి చేరింది. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళాలు ఆ కొన్ని క్షణాలు తట్టుకుంటాయి. ఈ పెరుగుదలకు బరువుతో పాటు ఊపిరి బిగబట్టడమూ కారణమే. అలాగని పెద్ద బరువు కింద పూర్తిగా ఊపిరి వదిలేస్తే నడుముకు ఆసరా పోతుంది. మధ్యేమార్గం ఇది: పైన నిలబడి ఉన్నప్పుడు పొట్టనిండా ఊపిరి తీసుకోండి, పొట్ట చుట్టూ బిగించండి, కిందికి దిగండి, లేచేటప్పుడు అన్నిటికంటే కష్టంగా ఉండే చోటు దాటగానే పళ్ల సందుల్లోంచి వదలండి. ప్రతి రెప్‌కూ కొత్త ఊపిరి తీసుకోవాలి. ఒకే ఊపిరితో రెండు మూడు రెప్స్ లాగేవాళ్లకే సెట్ అయ్యాక కళ్లు తిరుగుతాయి. బెల్ట్ పెట్టుకుంటే బీపీ తగ్గుతుందనుకోవడం పొరపాటు. పొట్ట నొక్కుకునేందుకు గోడలా ఉండటమే దాని పని, లోపలి ఒత్తిడి పెరుగుతుంది తప్ప తగ్గదు.

వార్మప్‌ను కుదించకండి

యువకుడికి రెండు సెట్లతో సరిపోయేది యాభై దాటాక అయిదారు సెట్లు అడుగుతుంది. అయిదు నిమిషాలు సైకిలో, రోయింగ్ మెషినో చేసి ఒళ్లు వేడెక్కనివ్వండి. ఆ రోజు పని బరువు 100 కిలోలైతే: ఖాళీ బార్, అంటే 20 కిలోలు, ఎనిమిది రెప్స్ చొప్పున రెండు సెట్లు, 40తో అయిదు, 60తో మూడు, 80తో రెండు, 90తో ఒకటి. ఆ తర్వాతే 100. రెప్స్ తగ్గుతూ పోవడానికి కారణం ఉంది, వార్మప్‌లోనే అలసిపోకూడదు. ఎక్కువసేపు సాగదీసి పట్టుకునే స్ట్రెచింగ్ ఈ సమయంలో వద్దు, అది తర్వాత చేసుకోండి.

వార్మప్ వల్ల ఇంకో లాభం ఉంది. 80 కిలోల సెట్ ఎలా కదిలిందన్నది ఆ రోజు సంగతి చెప్పేస్తుంది. మామూలుకంటే నెమ్మదిగా, బరువుగా అనిపిస్తే ఆ రోజు 90 దగ్గరే ఆగి రెండు సెట్లు చేసి బయటపడండి. కాగితం మీద 100 రాసి ఉందని ఎత్తడం మొండితనమే.

ఏ లిఫ్ట్ ఉంచాలి, దేన్ని మార్చాలి

కదలిక ముఖ్యం, పరికరం కాదు. కూర్చుని లేవడం, నేల మీది నుంచి ఎత్తడం, నెట్టడం, లాగడం, ఒంటికాలి మీద పనిచేయడం. వీటిలో ఏదీ పోకూడదు. వాటిని ఏ రూపంలో చేస్తారన్నది మీ కీళ్లు తేల్చుతాయి.

బార్‌ను వీపు మీద పట్టుకోవడానికి భుజాలు వెనక్కి తిరగకపోతే సేఫ్టీ స్క్వాట్ బార్ వాడండి, చేతులు ముందే ఉంటాయి. అది లేకపోతే ఛాతీకి ఆనించి డంబెల్ పట్టుకునే గాబ్లెట్ స్క్వాట్. కాకపోతే అందులో బరువు త్వరగా పరిమితి తాకుతుంది, అప్పుడు లెగ్ ప్రెస్ జోడించాలి. తుంటి కీలు మడవని చోట నడుము గుండ్రంగా తిరుగుతుంటే లోతు తగ్గించండి: ఆ చోటుకు కాస్త పైన ఉండేలా బాక్స్ పెట్టి దాన్ని తాకి లేవండి.

డెడ్‌లిఫ్ట్‌లో బార్ నేల మీది నుంచే లేవాలన్నది పవిత్ర నియమమేమీ కాదు. పెద్ద ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, అంతే. అక్కడిదాకా వంగితే నడుము గుండ్రమయ్యేవాళ్లు ప్లేట్ల కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల దిమ్మెలు పెట్టుకోవాలి. మధ్యలో నిలబడి ఎత్తే ట్రాప్ బార్ ఇంకా మంచిది, బరువు శరీరానికి దగ్గరగా ఉండి నడుము మీద లాగుడు తగ్గుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్లు నడుము గుండ్రంగా వంచి ఏ బరువూ ఎత్తకూడదు, సిట్ అప్స్ కూడా అదే కోవలోకి వస్తాయి.

మిక్స్‌డ్ గ్రిప్ మాత్రం మానేయమనే మా మాట. ఒక అరచేయి బయటికి, ఒకటి లోపలికి పెట్టి డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్లలో, బయటికి తిరిగిన చేతి మోచేతి దగ్గర బైసెప్స్ (జబ్బ ముందు కండరం) టెండన్ తెగే ప్రమాదం ఉంది. ఈ గాయం ఎక్కువగా నలభై నుంచి అరవై ఏళ్ల మగవాళ్లకే వస్తుంది. రెండు అరచేతులూ లోపలికే పెట్టి, పట్టు చాలకపోతే పెద్ద సెట్లకు స్ట్రాప్స్ (మణికట్టును బార్‌కు కట్టే పట్టీలు) కట్టుకోండి. పట్టు బలాన్ని వార్మప్ సెట్లలో పెంచుకోవచ్చు.

బెంచ్ ప్రెస్‌లో, అంటే బెంచ్ మీద పడుకుని బార్‌ను ఛాతీ మీది నుంచి పైకి నెట్టేటప్పుడు, మోచేతులు భుజాలకు సూటిగా పక్కలకు విప్పుకుంటే భుజం ముందుభాగం నలుగుతుంది. వాటిని పక్కటెముకలకు సుమారు 45 డిగ్రీల దగ్గరికి తెచ్చుకోండి. అయినా నొప్పి ఉంటే అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా డంబెల్స్, లేదా నేల మీద పడుకుని చేసే ఫ్లోర్ ప్రెస్. నేల మోచేతిని ఆపేస్తుంది కాబట్టి భుజం ప్రమాదకరమైన లోతుకు వెళ్లదు. తల పైకి నెట్టలేనివాళ్లు, అరవై దాటాక ఇది మామూలే, బార్ ఒక చివర మూలలో పెట్టి రెండో చివరను ఏటవాలుగా నెట్టే ల్యాండ్‌మైన్ ప్రెస్ చేయవచ్చు.

వారం ఎలా ఉండాలి

రెండు రోజులు చాలు, మధ్య కనీసం 72 గంటల విరామం. మొదటి రోజు: స్క్వాట్ మూడు సెట్లు అయిదు, బెంచ్ ప్రెస్ మూడు సెట్లు అయిదు, రో (బరువును పొట్ట వైపు లాగడం) మూడు సెట్లు ఎనిమిది. రెండో రోజు: డెడ్‌లిఫ్ట్ రెండు సెట్లు నాలుగు, ఏదో ఒక ఓవర్‌హెడ్ లేదా ల్యాండ్‌మైన్ ప్రెస్ మూడు సెట్లు అయిదు, పుల్‌డౌన్ (తల పైనున్న కడ్డీని కిందికి లాగడం) మూడు సెట్లు ఎనిమిది, ఒంటికాలి స్టెప్ అప్ (ఒక కాలితో ఎత్తు మీదికి ఎక్కడం) కాలికి ఎనిమిది చొప్పున రెండు సెట్లు. పెద్ద లిఫ్ట్‌ల సెట్ల మధ్య మూడు నుంచి అయిదు నిమిషాలు కూర్చోండి. ఆ కూర్చోవడం బద్ధకం కాదు, ఊపిరి సర్దుకోకుండా ఎత్తితే ముందు చెడేది పద్ధతి.

మూడో రోజు ఓపిక ఉంటే దాన్ని వేగానికి ఇవ్వండి: మ్యాక్స్‌లో సగం బరువుతో మూడేసి రెప్స్, అయిదు సెట్లు. దించడం నెమ్మదిగా, లేపడం వీలైనంత వేగంగా. మొదట్లో చెప్పిన చురుకు తిరిగి వచ్చేది ఈ సాధనతోనే. చాలామంది దీన్నే వదిలేస్తారు, తేలికగా ఉంది కదా అని.

బరువు పెంచే క్రమం నాలుగు వారాలది. మొదటి వారం 75 శాతం, రెండో వారం 80, మూడో వారం 85 శాతంతో మూడేసి రెప్స్, నాలుగో వారం 65 శాతంతో రెండు సెట్లు మాత్రమే. నాలుగో వారం ఎంత బాగున్నట్టు అనిపించినా దాటేయకండి. తర్వాతి విడతకు కాళ్ల లిఫ్ట్‌లకు 2.5 కిలోలు, చేతుల లిఫ్ట్‌లకు ఒక కిలో చేర్చండి. జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేట్ 1.25 కిలోలదైతే జతకు 2.5 అవుతుంది, ఓవర్‌హెడ్ ప్రెస్‌కు అది పెద్ద గెంతు. అర కిలో ప్లేట్ల జత సొంతంగా ఉంచుకోవడం మంచిది.

డెబ్భై దగ్గరపడేకొద్దీ సెట్లు మూడు నుంచి రెండుకు, డెడ్‌లిఫ్ట్ వారానికోసారి నుంచి పది రోజులకోసారికి తగ్గించండి. ముందుగా బరువులో కోత పెట్టకండి.

కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు ఈ పట్టిక వర్తించదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు సెట్‌కు ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్, నాలుగు రెప్స్ మిగిలేలా, వీలైతే తెలిసినవాళ్ల కళ్ల ముందు చేసి తర్వాత ఇటు రండి. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. మొదటి మూడు నెలల్లో బరువు ఇట్టే పెరిగిపోతుంటే సంబరపడి తొందరపడేవాళ్లకే నాలుగో నెలలో మోచేయి పట్టేస్తుంది.

నొప్పిని ఎలా చదవాలి

పదికి మూడు దాటని నొప్పి, మర్నాటికి మామూలైపోయేది, సాధన ఆపమని చెప్పదు. మర్నాడు ఉదయం ముందుకంటే ఎక్కువ బిగుసుకుపోతే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం. అప్పుడు ముందు ఒక సెట్ తీసేయండి, తగ్గకపోతే కదలిక మార్చండి, అప్పటికీ తగ్గకపోతే బరువు. టెండన్ నొప్పికి పూర్తి విశ్రాంతి పెద్దగా పనిచేయదు, విశ్రాంతిలో అది ఇంకా బలహీనపడుతుంది. నొప్పి పెట్టని కోణంలో బరువును కదలకుండా 45 సెకన్లు పట్టి ఉంచడం, అయిదుసార్లు, మధ్య రెండు నిమిషాల విరామం. చాలామందికి ఇది నొప్పిని నెమ్మదింపజేస్తుంది.

‘టప్’మని చప్పుడై, వెంటనే బలం పోయి, మోచేతి మడత దగ్గరో పిక్క కిందో కమిలితే టెండన్ తెగి ఉండవచ్చు. వారంలోగా ఎముకల డాక్టర్‌కు చూపించండి, ఆలస్యమయ్యేకొద్దీ కుట్టడం కష్టమవుతుంది. ఎత్తుతుండగా ఛాతీ బిగుసుకున్నా, పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, నడుము నొప్పితో పాటు కాళ్లు లేదా తొడల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

విరామం తర్వాత, తిండి విషయం

వారం రోజులు ఆపితే ఏమీ కాదు. రెండు మూడు వారాలైతే పాత బరువులో 80 శాతంతో, నెల దాటితే 60 శాతంతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పైకి రండి. జ్వరంతో మాత్రం ఎత్తకండి, గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది.

వయసైన కండరం ప్రోటీన్‌కు తక్కువగా స్పందిస్తుంది, అందుకే యువకుల కంటే ఎక్కువ కావాలి: శరీర బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాములు. 70 కిలోల మనిషికి 84 నుంచి 112 గ్రాములు, పూటకు దాదాపు 30 గ్రాముల చొప్పున మూడు పూటలా సర్దితే మేలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి. క్రియాటిన్ రోజుకు మూడు నుంచి అయిదు గ్రాములు పనికొస్తుంది. అది వాడేవాళ్లకు రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే కొలత) కాస్త ఎక్కువగా కనబడవచ్చు. పరీక్షకు ముందే చెబితే కిడ్నీ పాడైందన్న కంగారు తప్పుతుంది.

ఒంటరిగా ఎత్తేవాళ్లు

పవర్ ర్యాక్ (బార్ పడితే ఆపే అడ్డకడ్డీలున్న చట్రం) లేకుండా ఒంటరిగా పెద్ద బరువు స్క్వాట్, బెంచ్ చేయకండి. స్క్వాట్‌లో మీ లోతుకు మూడు నాలుగు సెంటీమీటర్లు కింద సేఫ్టీ పిన్స్, అంటే ఆ అడ్డకడ్డీలు, పెట్టండి. బెంచ్‌లో కొలత ఇలా చూసుకోవాలి: ఖాళీ బార్‌తో పడుకుని వీపు విల్లులా లేపినప్పుడు బార్ ఛాతీని తాకాలి, పిన్స్‌ను తాకకూడదు. వీపు చదును చేయగానే బార్ పిన్స్ మీద ఆగి ఛాతీ మీద ఒత్తిడి పోవాలి. పిన్ రంధ్రాలు ఎడంగా ఉండి ఈ కొలత కుదరకపోతే బెంచ్ కింద రబ్బరు మ్యాట్ వేసి ఎత్తు సరిచేయండి. బార్ పట్టుకునేటప్పుడు బొటనవేలు తప్పకుండా చుట్టూ తిప్పండి.